ఏ స్టేజీ

మొదలు పిల్లి అన్నడు.
"మణెమ్మా, బియ్యం డబ్బా మీద పిల్లి పండింది."
మాకు పిల్లి లేదు.
డబ్బా దించి మూత తీసి సూపిచ్చిన.
"పోయింది" అన్నడు, నిమ్మళంగ.

తర్వాత మనుషులు రావట్టిన్రు.
దర్వాజ కాడ ముగ్గురు,
మంచం కాడ ఒక్క పిల్ల,
ఎర్ర గౌనట, కాళ్లకు చెప్పుల్లేవట.
ఎవ్వరూ మాట్లాడరట,
ఉత్తగ ఆయన దిక్కే సూస్తరట.

దేవరకొండ డిపోల ముప్పయ్యొక్క ఏండ్లు కండక్టరు.
బస్సు నిండ మందుంటే
టికెట్ తీస్కోనోని ముఖం పట్టుకునేటోడు.
ఇప్పుడు బొత్తానికి కాజా దొరకదు.
గిలాసకు జానెడు దూరంల గాలిని పట్టుకుంటడు.
రాత్రి నిద్రల తిడ్తడు, తంతడు.
పొద్దుగాల నా చెయ్యి సూసి
"ఎవలు గొట్టిన్రే?" అంటడు.

మతిమరుపా అంటే కాదు.
చీటీ పైసలు రెండు వందలు తక్కువొచ్చినయని
యాది చేసింది ఆయనే.

గాలి సోకిందన్నరు, నిమ్మకాయలు కోసిన్రు.
ఆరెంపీ వచ్చి నిద్రసూది ఏసిండు.
మూడొద్దులు మనిషి కట్టె అయిండు,
నీళ్లు మింగుడు పడలే.
ఆ సూది సీసా పారెయ్యకుండ కొంగున కట్టుకున్న, ఎందుకో.

నల్లగొండల ఫర్హానా డాక్టరు
ముందుగాల ఆ సీసానే సూసింది.
చేతులు పట్టి వంచింది, వరండాల నడిపిచ్చింది.
నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగుతలేదు.
నలభై ఏండ్లు ఎనక నడిచిన, నేను సూడలే.
కాయితమిచ్చి గడియారం గియ్యమన్నది.
పన్నెండు అంకెలూ కుడిపక్కకే పోయినయి,
కొండమల్లేపల్లిల మంది ఒక్కసారే దిగినట్టు.
ఆయన దాన్ని శానసేపు సూసిండు.
"తప్పే మేడం. ఏడ తప్పో తెలుస్తలేదు."

నిద్రల లొల్లి ఎన్నాళ్ల సంది అని అడిగింది.
పదేండ్ల సంది, నౌకర్ల ఉన్నప్పటి సందే అన్న.
పెన్ను కింద పెట్టింది.
అప్పటిదాంక ఎవ్వరూ అడగలే నన్ను.

రక్తం తీసిన్రు, తలకాయ ఫోటో తీసిన్రు.
లూయీ బాడీ అన్నది.
ఆ లూయీ ఎవలో, ఏ ఊరోడో.
మా సక్కుబాయిది గిట్ల కాదు మేడం అన్న,
ఆమె తిన్న బువ్వ తిన్లేదంటది, కొడుకును మామా అంటది.
"ఆమెది అల్జీమర్స్ గావచ్చు, సూస్తే గని చెప్పలేను."
ఖాసీం సాబు?
మంచిగున్నోడు ఒకనాడు దబ్బున తగ్గుతడు,
కొన్నాళ్లు అట్లనే నిలుస్తడు, మళ్ల ఇంకొక మెట్టు దిగుతడు.
"అది మెదడుల నరాలకు రక్తం ఆగుడు. బీపీ సూపెట్టమను."
బయట లైను పొడుగున్నది.
నేను అడుగుతనే ఉన్న, ఆమె చెప్తనే ఉన్నది.

ఆ సూది మళ్ల ఏయొద్దని ఎర్ర సిరాతోని రాసిచ్చింది.
ఆయన టికెట్ల సంచిల పెట్టిన,
ఏ దవఖానకు పోయినా ముందు అది సూపెట్టాలె.
పొద్దుకొక్క చిన్న గోళి.
రాత్రంత లైటు.
మంచం పక్కన కింద బొంత, పడితే దెబ్బ తగలకుండ.
కొయ్యకు ఏలాడే ఖాకీ అంగీ తీసి పెట్టెల పెట్టిన,
ఆ రాత్రి ఒక మనిషి తక్కువైండు.

"లేరని కొట్లాడకు, ఉన్నరని అబద్ధమాడకు.
భయమైతుందా అని అడుగు."
అడిగిన.
"భయమెందుకే, ప్యాసింజర్లు" అన్నడు.

కొన్నిపొద్దులు అచ్చం పాత మనిషి.
పేపరు సదివి డీజిల్ రేటు చెప్తడు.
మాపటికి మబ్బు కమ్ముతది, నన్ను సూస్తడు గని నేను కానరాను.
దినామూ ఒక్కతీరు ఉండదని డాక్టరు ముందే చెప్పింది.
చెప్పినా ఏడుపస్తది, పెరట్లకు పోత.

అల్లుడు ఫోన్ల అడిగిండు:
"అత్తమ్మా, మామది ఏ స్టేజీ అన్నరు?"
నేను నోరు తెరవకముందే మంచంల నుంచి జవాబొచ్చింది.
"కనగల్ దాటినం."
నల్లగొండ నుంచి ఎక్కితే అది మొదట్లనే,
దేవరకొండ నుంచైతే ఇగ దిగుడే.
ఎటు పోయే బస్సో నేను అడగలే.

నిన్న మాపు బువ్వ తినిపిస్తుంటే
"జర జరుగు" అన్నడు.
జరిగిన.
మంచం పట్టెను అరచేత్తో రెండుసార్లు తట్టిండు,
పిల్లను కూసోమని.