పద్నాలుగో నంబరు జత

హాథర్‌సేజ్‌లో చర్చి హాలు వెనక
చీపుర్లు పెట్టుకునే గది ఒకటుంది.
శనివారం పొద్దున ఎనిమిదింటికి
డొరీన్ వచ్చి తాళం తీస్తే
ముందు వాసన బయటికొస్తుంది:
తడితోలు, మైనం, ఎవరిదో పాత చెమట,
నిరుడెవరో కోటు జేబులో మరిచిన నారింజ తొక్క.

తర్వాత బూట్లు.
అరల మీద జతలు జతలుగా నాలుకలు చాపి,
పరిగెత్తి పరిగెత్తి ఆగిన కుక్కల్లా.

"నీ పాదమెంత?" అంది.
నాకు చెప్పుల కొలతే తెలుసు.
మోకాళ్ళ మీద కూర్చుని నా మడమ పట్టి చూసింది,
ముప్ఫై ఏళ్ళు షెఫీల్డులో బస్సు నడిపిన మనిషి,
బ్రేకు మీద ఎంత బరువు వెయ్యాలో కాలికి తెలిసిన మనిషి.
"పద్నాలుగో నంబరు."
ఎడమదానికి ఎర్ర లేసు, కుడిదానికి గోధుమరంగుది.

నాలుక వెనక ఇంకుతో పేర్లు:
మార్గరెట్. ఓలా. హోదన్. మళ్ళీ హోదన్.
మొదటి అక్షరం తప్ప చెరిగిపోయినది ఒకటి.

అప్పుడు వినిపించింది అమ్మమ్మ గొంతు:
ఎరువు సొమ్ము బరువు చేటు,
తియ్యా పెట్టా తీపుల చేటు,
అందులో ఒకటి పోతే అప్పుల చేటు.
కాసులపేరు గురించి అన్నమాట అది.
బూట్ల సంగతి ఆవిడకేం తెలుసు,
జన్మలో కాలికేదీ తొడిగి ఎరగదు.

రిజిస్టరులో సంతకం పెట్టాను.
బూట్లు జత, వానకోటు ఒకటి, చేతికర్రలు రెండు.
'స్థితి' అన్న గడిలో డొరీన్ రాసింది: బానే ఉన్నాయి.
నన్నడిగితే వేరేగా చెప్పేదాన్ని.
రక్తపరీక్షల ల్యాబులో ఆరేళ్ళు. కిటికీ లేదు.
ఈ దేశంలో నేనెక్కిన ఎత్తు
ఆస్పత్రి మూడో అంతస్తు.

ఇక్కడ వాన పైనుంచి పడదు.
పక్కనుంచి వచ్చి మొహంలో మొహం పెడుతుంది
అప్పులవాడిలా.
గోడ దాటే రాతిమెట్ల మీద
ముందెవరి చెయ్యి పట్టుకున్నానో గుర్తులేదు,
తర్వాత నా చెయ్యి ఎవరు పట్టుకున్నారో కూడా.

కొండ అంచు కింద, తుప్పురంగు పొదల్లో
పడి ఉన్నాయి తిరగలిరాళ్ళు.
బండిచక్రాలంత, గుండ్రంగా చెక్కి,
నడుమ చిల్లు తొలిచి,
కొనేవాళ్ళు లేక వదిలేసినవి.
ఒక్క గింజ విసరని తిరగళ్ళు.
హోదన్ ఒకదాని మీద ఎక్కి కూర్చుంది.
అవును, రెండుసార్లున్న ఆ హోదనే.
ఇప్పుడు సొంత బూట్లున్నాయి, అయినా వస్తుంది.
"దీని పిల్ల మా ఇంట్లో ఉండేది," అన్నాను.
"మా ఇంట్లోనూ," అంది.
ఆ పిల్లలిప్పుడు ఎక్కడున్నాయో
ఇద్దరం అడగలేదు.

చేగోడీల డబ్బా మూత తీశాను.
డొరీన్ ఒకటి ఉంగరపు వేలికి తొడిగి
చెయ్యి చాచి వానకి చూపించి
ఆ తర్వాత కొరికింది.

దిగేటప్పుడు జరిగింది.
నల్లటి బురదలో ఎడమ కర్ర సగానికి దిగింది.
లాగితే పిడి వచ్చింది.
తక్కినది రాలేదు.
అందులో ఒకటి పోతే,
అందులో ఒకటి పోతే,
అని దారంతా బూట్లు కిచకిచలాడాయి.

"ఎంతివ్వాలి?" పర్సు తీశాను, అది కూడా తడిసింది.
బల్బు కింద కళ్ళజోడు తుడుచుకుని
డొరీన్ నెమ్మదిగా రాసింది:
కర్రలు రెండు. ఒకటి ముట్టింది.
ఒకటి బురదకి అరువు.
"అదెప్పుడు తిరిగిస్తుంది?"
"ఈ పుస్తకం అయిపోయాక," అని పెన్ను నాకిచ్చి
బూటు నాలుక వైపు గడ్డంతో చూపించింది.

తెలుగులో రాశాను. మాణిక్యం.
చోటు చాలక య వత్తు
లేసు కన్నంలోకి జారింది.

మరుసటి శనివారం ఆ జత వేరొకరిది.
పదిహేనేళ్ళ పిల్ల, విసుగుమొహం,
వాళ్ళమ్మ పంపితే వచ్చినట్టుంది.
గేటు దగ్గర వంగి ఎర్ర లేసు కడుతుంటే
ఇంకా మానని నా పొక్కు సలిపింది.

"ఎడమది కాస్త కరుస్తుంది," అన్నాను,
"రెండు మేజోళ్ళు వేసుకో."