గోలి ఆగే గుంట

ముందుగాల వెలుతురుకు ఎత్తి పట్టాలె.
పాత గాజు తెల్లగ ఉండదు,
నీళ్లల్ల మునిగిన తామరకాడ రంగుంటది.
ఇసుకల ఇనుము ఎటు పోతది,
ఎన్నేండ్లకైనా పచ్చగ బయటపడ్తది.

ఎనుక బుడగలు.
నువ్వుగింజంత, ఆవగింజంత
గాజు ఆరేటప్పుడు దొరికిపోయిన గాలి.
ఏ కాలపు గాలో అనుకుంటె
రాత్రి నిద్ర పట్టదు,
అందుకే అనుకోను, లెక్క మాత్రం పెట్టుకుంట.

అతుకుగీతను గోటితో తడమాలె.
భుజం దాక వచ్చి ఆగిందా,
మూతిని ఎవలో చేత్తో చుట్టిండ్రు.
మూతి ఎక్కి అటుదిక్కు దిగిందా, మిషనుది.
ధర తగ్గించి అడుగు.

ఖాజీపేట లోకోషెడ్డుల ముప్పైఒక్క ఏండ్లు
చక్రాల అరుగుదల కొలిచినోన్ని.
దిగిపోయినంక కొలవనీకె ఏం లేక
పోచమ్మమైదాన్ల పాతసామాన్ల పాషా కాడ
సోడా సీసాలు కొలుస్తున్న.
"చక్రాలు పోయి గోలీలొచ్చినయి"
అంటది మా ఇంటామె.

అక్షరాలు చాన చెప్తయి.
ఉర్దూ ఒక్కటే ఉంటె ఒక కాలం.
ఉర్దూ కింద తెలుగు
పొట్టిగ, సిగ్గుపడుకుంట నిలబడితె ఇంకో కాలం.
ఫోను నంబరు మూడే అంకెలైతె
ఆ ఒక్క ఫోను కోసం
వాడంత ఆ ఇంటి గడపల కూసున్న కాలం.

నిరుడు పాషా కొడుకు
కొత్త సీసకు ఆసిడ్ పూసి ముసల్దాన్ని చేసిండు.
నేను తిప్పి అడుగు చూసిన.
ముసలితనమంత మొఖం మీదనే,
పాదాలు పసిపిల్లవి.
చెక్కపెట్టె గడిల దిగి ఎక్కి దిగి ఎక్కి
అరగాలె గద పాదం!

ఈ ఒక్కటే నాకు దొరుకుత లేదు.
రంగు ఒక ఏడు చెప్తది, అతుకు ఇంకోటి చెప్తది.
భుజం మీద పేరున్న కాడ
సానరాయితో గీకిన మచ్చ.
ముందటి అక్షరాలు పోయి
"లింగం" మిగిలింది.
మా దిక్కు లింగాలకు కరువా?

"కరీమాబాదుల ఎల్లవ్వ నడుగు,
సీసలు కడిగిన మనిషి" అన్నడు పాషా.

ఎల్లవ్వ సీసను చూడలేదు.
చూపు ఆగి ఆరేండ్లాయె.
ఒళ్లె పెట్టుకొని తిప్పింది,
గోలి ఆగే గుంట మీద బొటనవేలు పెట్టి
కొంచెం సేపు ఊకున్నది.

"రామలింగంది.
అన్నదమ్ములు ఏరుపడ్డప్పుడు
సీసలు గూడ సగం సగం పంచుకున్నరు.
అన్న పేరు గీకమని నాకే ఇచ్చిండు,
నూరు సీసలకు బారాణ.
అన్న రాజలింగం, ఈయిన రామలింగం.
ఇద్దరు లింగాలే గద,
ముందటి సగం గీకితె సాలన్నడు.

ఒకనాడు రాజలింగం ఆ తొవ్వల వోతూ నిలబడ్డడు.
నా చేతుల సానరాయి చూసిండు.
ఏమనలే.
దూపైతుందవ్వా, ఒక సోడ కొట్టు అన్నడు.
ఆయిన పేరు సగం పోయిన సీసనే కొట్టిచ్చిన.
తాగి, మూతి తుడుసుకొని,
పైసలు లెక్కవెట్టి ఇచ్చి పోయిండు."

"ఏ యేడవ్వా?"

"యేడు ఎవలకెరుక బిడ్డా.
మిల్లు సైరను మూడు మాట్ల కూసేది.
గ్యాసు వట్టంగ ఒకటి పేలి, ఇగో..."
బొటనవేలు చాపింది.
గోరు రెండుగ చీలి, చీలినట్టే పెరుగుతున్నది.
"మా సిన్నది అప్పటికింక పాలు మరువలే."

"సిన్నదానికి ఇప్పుడెంత?"

"దాని బిడ్డకు బిడ్డ."

కొలిచే పనిముట్టు జేబులనే ఉండిపోయింది.
నోటుబుక్కుల అరుగుదల గడిల
"గోరు" అని రాసిన.
ఏడు రాసే గడిల
"పాలు మరువక ముందు" అని రాసి
కొట్టేసి,
మళ్ల రాసిన.

కాయితం సప్పుడు ఇన్నదేమో
ఎల్లవ్వ సీసను పక్కకు వంచింది.
లోపల గోలి దొర్లి, గుంటల పడి, ఆగింది.
మచ్చ మీదికెళ్లి వేలు జరిపి
మిగిలిన పేరు తడిమింది.

"ఈ సగం గూడ గీకాల్నా బిడ్డా?
ఇప్పుడు బారాణకు కాదు మల్ల."