నీలం పేక

పైసలు లేని దవాఖాన వ్యాను.
స్టీరింగ్ ఒక్కటే నాది.
పొద్దుగాల ఆరింటికి కొత్తవాడ బడి గేటు కాడ ఆపుతా.
నిన్న క్యాంపుల టార్చి వేసి చూసి
ఏ కన్నో ఆ కంటి మీద, నొసటికి
తెల్ల టేపు ముక్క అంటించిన్రు.
ఆ టేపు ఊడిపోతదేమోనని
మొఖం కూడ కడుక్కోకుంట వచ్చిన్రు అందరు.

ఒకలి భుజం మీద ఒకలి చెయ్యి.
మెట్టు ఎంత ఎత్తుందో పాదంతోటి అడుగుతరు.
ఎనుమాముల యార్డుల మిరప తొడిమెలు తీసే సారక్క,
"ఘాటుకే నీళ్లు గారుతున్నయనుకున్న బిడ్డా,
ఏడేండ్లు" అంటది.
కరీమాబాద్ రిక్షా జానీమియా ముందు సీటు నాదే అంటడు,
తొవ్వ నాకు జెప్తడు.
"ఇగో, పోచమ్మ మైదాన్ వచ్చింది, నెమ్మది."
చూసి కాదు, గుంతల లెక్క మీద.
తప్పు తిప్పితే తిడుతడు.

ఆఖరి సీట్ల బేతి రాజమొగిలి.
మాట్లాడడు. వేళ్లు గాలిల ఆడుతుంటయ్.
నలభై ఏండ్ల సంది జంపఖానాలు నేసే మనిషి.
"కండ్లెందుకు? కండె నా చేతికి ఎరుకే" అని
మూడు క్యాంపులు ఎగ్గొట్టిండు.
నాలుగోసారి భారతమ్మ తీస్కచ్చింది,
చెయ్యి వట్టుకొని కాదు, అంగీ కొస వట్టుకొని,
బడికి పోనన్న పిలగాన్ని గుంజినట్టు.

మోతిబిందు. బాగ ముదిరింది.
ఇర్వై నిమిషాల పని, అన్నది డాక్టరమ్మ.
రాత్రి పప్పు, చారు, అన్నం.
తెల్లారి పట్టీ విప్పి, నల్లద్దాలు వెట్టి
మళ్ల నా వ్యానెక్కిచ్చిన్రు.

వాపసు తొవ్వల సప్పుడే వేరు.
పోయేటప్పుడు దగ్గులు, దేవుని పేర్లు.
వచ్చేటప్పుడు బోర్డులు సదువుతరు.
సదువు రానోళ్లు రంగులు సదువుతరు.
అగో ఎర్ర చీర. అగో బర్రె, దాని కొమ్ముకు పసుపు.
సారక్క నా మొఖం దిక్కు చూసి,
"నువ్వేనా యాకయ్యవు?
గొంతు విని లావుగుంటవనుకున్న" అన్నది.
జానీమియా తొవ్వ జెప్పుడు బంద్ వెట్టిండు.
కిటికీకి మొఖం ఆనించి
"ఇన్ని అంతస్తులు ఎప్పుడు లేసినయ్?"
అదొక్కటే మాట, హన్మకొండ దాటేదాక.

రాజమొగిలి దిగిండు. మందుల సంచి వట్టుకొని ఎన్క నేను.
మగ్గం మీద సగం నేసిన జంపఖానా.
వంగద్దని జెప్పిన్రు. వంగిండు.
నల్లద్దాలు తియ్యద్దని జెప్పిన్రు. తీసిండు.

"ఇది నీలమా?"
"నీలమే" అన్న నేను.
"ఆకుపచ్చ అనుకొని నేసిన గదనే."
ఎవలి తోటి అన్నడో తెల్వదు.
వేలు వెట్టి తడిమిండు, పేక ఎంబడి, మెల్లగ.
ఒక కాడ ఆగిండు.
"ఈడ తప్పిన నేను. యాదికున్నది, ఆ రోజు చెయ్యి తడబడ్డది.
మరి తప్పేది?"
ఇంకో కాడ ఆగిండు.
విప్పి మళ్ల ఏసిన జాడ.
పంజా దెబ్బ తనది కాదు. మెత్తగున్నది.

మూడేండ్లు సేఠ్ ఒక్క జంపఖానా తిప్పి పంపలే అని
వ్యానుల కూడ ఎవలికో జెప్పిండు, అదొక్కటే జెప్పిండు.

పొయ్యి కాడికెల్లి భారతమ్మ ఇటు తిరగలే.
"నీకు నిద్ర వట్టినంక" అన్నది.
"ఊడదీసి, మళ్ల ఏసిన.
ఎన్ని రాత్రులని అడుగకు."

ఆయన ఏమనలే.
నేను దర్వాజ కాడ నిలవడి
నా చెప్పుల దిక్కు చూస్కుంట ఉన్న.
పోవాల్నో ఉండాల్నో తెల్వలే.
సారక్క వ్యానుల ఉన్నది, ఇంకా ఐదుగురున్నరు.

"చాయ్ తాగి పో, యాకయ్యా" అన్నది.
గిలాస వెట్టి, గిన్నె వంచింది.
చాయ్ గిలాస పక్కన,
వేలు మందం పక్కన,
గచ్చు మీద పడ్డది.
ఆమె ఇంకా పోస్తనే ఉన్నది.

ఈసారి రాజమొగిలి కూడ చూసిండు.