పలకా గోళీలూ

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
టైర్ల కొట్టుకీ పిండిమరకీ మధ్య మెట్లెక్కితే
రోవెల్ మూసేస్తున్న స్టూడియో.
ఆగస్టు. ఏసీ అప్పటికే అమ్ముడైపోయింది.

బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు.
ఒకటి పలక. గాజుది, పదమూడు అంగుళాలు,
వేలితో తోస్తే చాలు
నీడలు లేస్తాయి, వెలుగులు వంగుతాయి.
రెండోది నల్లటి ఇనుప పెట్టె.
మూడు గోళీలు, ఒక్కోదాని చుట్టూ ఒక్కో కడియం.
ఎడమది నీడలకి, కుడిది ఎండకి,
నడిమిది ఆ రెంటికీ చెందని సమస్తానికీ.
"ఎడమది కాస్త పట్టేస్తోంది" అన్నాడు.
అమ్మేవాడు ముందే చెప్పడం
ఈ వీధిలో నేనెప్పుడూ వినలేదు.

పలక ఎనిమిది వందల దిర్హాములు.
పెట్టె పంతొమ్మిది వందలు.
నా సంచిలో రెండు వేలు,
అందులో ఆరు వందలు గది అద్దెవి.

పదకొండేళ్ళుగా మౌసుతోనే రంగులు దిద్దాను.
చుక్కని పట్టుకోవడం, లాగడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం,
ఒంటివేలితో అన్నం కలిపినట్టు.
ఈమధ్య మణికట్టు నన్ను రాత్రిళ్ళు లేపుతోంది.

ముందు పలకే తీసుకున్నాను.
తళతళ. ఎవరికైనా ముద్దొస్తుంది.
చెమటవేలిని అది గుర్తుపట్టలేదు.
కుర్తాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను.
నీడల చక్రం ఎక్కడుందోనని తల దించాను,
ఎత్తేసరికి తెర మీది మొహం వేరే మొహం.
ఇందాకటి ఎరుపు ఎంత ఎరుపో కళ్ళు మరిచిపోయాయి.
కంటి జ్ఞాపకం మహా అయితే మూడు క్షణాలు,
నా బతుకుతెరువంతా ఆ మూడింటి లోపలే.

లింబాద్రి గడప మీద కూచుని చూస్తున్నాడు.
ఆర్మూరు పక్క మనిషి, అల్ ఖాన్ వైపు టవర్ క్రేన్ నడుపుతాడు.
మా కింది కఫెటేరియాలో చాయ్ దగ్గర పరిచయం.
పెట్టె మోయడానికి పిలిచాను, సలహాకి కాదు.
"అక్కా, జర జరుగు."
కండ్లు మూసుకున్నాడు. ఇనుము మీద చేతులానించాడు.
"గిది దొరుకుతది. గిది దొరుకుతది. గిది గూడ.
గా అద్దం మీద ఏడ ఏమున్నదో ఏలికేం ఎరుక?
పైన నా సూపు కొక్కెం మీదనే ఉంటది.
కింద మనుషులుంటరు.
లివర్ దిక్కు సూసిన్ననుకో..."
మిగతాది చెప్పలేదు.
రోవెల్‌కి తెలుగు రాదు, అయినా తల ఊపాడు.

పదిహేడు వందల యాభైకి బేరం తెగింది.
అద్దెలో మూడు వందల యాభై తరుగు.
అది నాకూ మా ఇంటి ఓనరుకీ మధ్య.

రాత్రి.
గది గోడలకి బూడిదరంగు నేనే వేసుకున్నాను,
ఏ రంగూ కంటికి లంచమివ్వకుండా.
మూల పగిలిన పాత పలక నాకూ ఒకటుంది,
పని లేనప్పుడు దాన్ని బోర్లా పెడతాను.
చీకట్లో దాని వెలుగే ఒక అబద్ధం.

ముప్పై సెకన్ల ప్రకటన, సముద్రం పక్క అపార్టుమెంట్లు.
కంపెనీ వాళ్ళ చీటీ:
ఆకాశం నీలంగా. ఇసుక బంగారంగా. వెనక క్రేన్ వద్దు.
తీసిన రోజున ఆకాశం పాత సిమెంటు సంచి.
గోళీ దొర్లించాను, చూపు తిప్పకుండా.
అరచేతి కింద రంగు నడిచి వచ్చింది,
పిలిస్తే వచ్చే పిల్లిలా.
నీలం దగ్గరికొచ్చేసరికి ఎడమది పట్టేసింది.
సరిగ్గా అక్కడే.
తోశాను. కదిలింది. మళ్ళీ తోశాను.

క్రేన్ కోసం మాత్రం పలక తిప్పక తప్పలేదు,
అంచు వెంబడి గీయడానికి గోళీలు పనికిరావు.
పెన్నుతో దాని చేయి గీశాను, మెడ గీశాను.
పసుపు రంగు గది, అగ్గిపెట్టెంత.
పెద్దది చేసి చూశాను.
కిటికీలో ఎవరో ఉన్నారు, లేక ఎండ పొడ.
ఇది ఏ క్రేనో చాయ్ దగ్గర అడిగితే తెలిసిపోతుంది.

గీత పూర్తయింది, మొదలూ చివరా కలిశాయి.
లోపల ఉన్నదాన్ని ఇంకా ఏమీ చెయ్యలేదు.
ఫైలు అయిదున్నరకి పంపాలి.
అప్పటికి అతను నిచ్చెన సగం ఎక్కి ఉంటాడు.