చెకింగ్ టేబుల్

ఈ ఏడాదిలో ఇది తొమ్మిదోసారి.
క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క పక్కనే
జోషిత దగ్గు లెక్క కూడా రాస్తాను,
ఎర్ర పెన్నుతో చిన్న గీత.
జులై నెలంతా ఎర్రగానే ఉంది.

రాత్రి రెండింటికి
బొమ్మనహళ్లి మీద సన్న తుంపర.
నెబ్యులైజర్ గుర్రుమంటే
పక్క పోర్షన్ వాళ్లు గోడ తట్టడం మానేశారు,
పాపం, అలవాటైపోయింది.
మాస్కులో తెల్లటి పొగ.
పొగ వెనక ఆరేళ్ల కళ్లు.
"అమ్మా, నేను పైలట్" అంటుంది
గొంతు లేని గొంతుతో.

ఐస్‌క్రీం పెట్టావంది అత్త.
తలకు నీళ్లు పోశావంది ఆడబిడ్డ.
మూడో నెల నిండకముందే
పాలు మాన్పించి మిషన్ ఎక్కానని
ఎవరూ అనలేదు.
అది నేనే అనుకుంటాను,
కాలర్లు తిప్పి కుట్టేటప్పుడు.

రక్తం రిపోర్టు మీద వేలు పెట్టి
డాక్టరమ్మ చూపించింది:
"బిడ్డకు బలం లేక కాదమ్మా.
ముక్కు దగ్గర, గొంతు దగ్గర
కాపలా ఉండాల్సినవి తక్కువున్నాయి.
దుమ్ము చూసి గోల చేసేవి
మూడింతలున్నాయి.
తూకం తప్పింది, అంతే."

అర్థమైనట్టు తల ఊపాను.
నిజంగా అర్థమైంది బస్సులో,
సిల్క్ బోర్డు దగ్గర
నలభై నిమిషాలు ఆగిపోయినప్పుడు.

మా లైన్లోకి రాయచూరు నుంచి
చెకింగుకి కొత్త పిల్ల వచ్చింది.
మొదటి వారం
నూలు పోగు వేలాడినా రిజెక్ట్,
సుద్ద గీత కనబడినా రిజెక్ట్.
మంచి చొక్కాలు మోకాలెత్తు గుట్ట పడ్డాయి.
చంకలో కుట్టు విడిపోయిన చొక్కాని మాత్రం
ముద్దుగా మడతేసి
పెట్టెలోకి పంపేసింది.

కళ్లు కనబడక కాదు.
భయం.
దేన్ని ఆపాలో ఎవరూ నేర్పలేదు.
సూపర్‌వైజర్ అరిచాడు. అరిస్తే
ఇంకో పది మంచివి పక్కన పడేసింది.
శోభక్కే పక్కన నిలబడి
ఒక్కో చొక్కా తిరగేసి
ఇది పోనీ, ఇది ఆపు, ఇది పోనీ...
మూడు నెలలు పట్టింది.

నా బిడ్డ ఒంట్లోనూ
అలాంటి పిల్లలే కొలువుకి చేరినట్టున్నారు.
మెట్రో గుంతల దుమ్ముని,
నా జాకెట్టుకి అంటుకొచ్చిన దూది నలుసుని
దొంగా దొంగా అని కేకలేసి,
అసలు దొంగ వస్తే
జరిగి దారి ఇస్తున్నారు.
వాళ్లనేం తిట్టను?
నేర్చుకునే వయసు.

"సరిహోగుత్తమ్మా" అంది డాక్టరమ్మ వచ్చేటప్పుడు.
పెద్దయ్యేకొద్దీ సర్దుకుంటుందట.
అందరికీ కాదు,
చాలామందికి.
ఆ 'చాలామందికి'ని
కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు షిఫ్టు దిగాక
గుమ్మం బయటే చీర దులుపుకుని
చేతులు మోచేతిదాకా కడుక్కుని
బట్టలు మార్చాకే తాకాలి.
అదొక ఆట అయింది దానికి.
నడుం మీద చేతులు పెట్టుకుని
నన్ను చుట్టూ తిప్పి చూస్తుంది,
వేళ్ల సందులు, మెడ, జడ.
నిన్న చెవి వెనక ఒక పోగు దొరికింది.
"రిజెక్ట్!" అని అరిచి
మెడకి వేలాడింది.

నవ్వితే దగ్గొచ్చింది.
ఎర్ర పెన్ను అందుకున్నాను.
కాసేపు చేతిలో పట్టుకుని
మళ్లీ మేకుకి తగిలించాను.

ఒక్క దగ్గుని లెక్కలో రాయరు.