బలం బిళ్ళ

కొత్తపేటలో మా మందుల షాపు
రాత్రి పదింటికి సగం షట్టరు దించాక
ఆ సగం కింద నుంచి దూరి వస్తుంది మార్తమ్మ.
ఆమె కంటే ముందు కొంగు ముడిలోని నోటు,
నోటు కంటే ముందు ఘాటు.
నేను తుమ్ముతాను. ఆమె నవ్వుతుంది.
పొద్దుటి నుంచీ యార్డు పక్క గోడౌన్లో
మిరప తొడాలు తీసిన వేళ్ళతో
చిల్లర లెక్కపెట్టి
"పిల్లకి పళ్ళు పుచ్చకుండా
ఏదన్నా బలం బిళ్ళ ఇవ్వన్నా" అంటుంది.

బలం బిళ్ళలకేం, గోడంతా అవే.
ఏ నుంచి కే దాకా.
మధ్యలో కొన్ని అక్షరాలు ఎందుకు లేవో
పదిహేనేళ్ళుగా అమ్ముతున్నా నాకు తెలీదు.
రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఊళ్ళో
ఎండని పొడిచేసి
అరవై వేల యూనిట్లు ఒక పొట్లంలో కట్టి
వారానికొకటి పాలల్లో కలుపుకోమని
నా చేత్తోనే ఇస్తుంటాను.
కొనేవాళ్ళు గొడుగేసుకుని వస్తారు.

మార్తమ్మకి మాత్రం ప్రతిసారీ
నారింజ బిళ్ళల డబ్బాయే తీశాను.
చప్పరించేవి. పిల్లలు మారాం చెయ్యరు.
డబ్బాకి మాకు కాస్త ఎక్కువే మిగులుతుంది.
ఈ మాట షాపులో అనను, ఇక్కడ అంటున్నా.

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా
కెజియని తీసుకొచ్చింది.
తెల్ల గౌను, రెండు జడలు.
"అన్నకి నోరు చూపియ్యి."
పై వరసలో ముందున్న నాలుగూ
లవంగాలు.

"రోజుకెన్ని తింటావమ్మా బిళ్ళలు?"
వేళ్ళు చూపించింది. ఒక చెయ్యి చాల్లేదు.
బుగ్గన పెట్టుకుని పడుకుంటుందట.
అమ్మ వచ్చేలోపు సగం కరుగుతుందట,
అమ్మ వచ్చాక మిగతా సగం.
రాత్రంతా పులుపూ తీపీ కూర్చుని
ఆ పాలపళ్ళకి
తొడాలు తీస్తున్నాయన్నమాట,
కూలి లేకుండా.

మేడ మీద పళ్ళ డాక్టరు నఫీసా గారు
టార్చి వేసి చూసి కేకలేశారు,
పిల్ల మీద కాదు, నా మీద.
"పుచ్చినదాన్ని ఏ విటమినూ పూడ్చదయ్యా.
గుడ్డు పెట్టండి, ఎండలో ఆడనివ్వండి,
రాత్రి పళ్ళు తోమించాక
మంచినీళ్ళు తప్ప ఇంకేదీ నోట్లోకి పోకూడదు."
మార్తమ్మ అంతా విని నెమ్మదిగా అంది:
"గుడ్డు బళ్ళో పెడతారమ్మా.
ఎండకేం కరువు.
రాత్రి తోమించడానికే నేనుండను."

పంటి బిగువు అంటారే,
అది ఆమెకి దవడ దగ్గర కనిపిస్తుంది.

నాకూ ఉందొకటి, కుడివైపు వెనక, పిప్పి పన్ను.
ఏళ్ళుగా ఎడమవైపే నములుతున్నా.
శాంపిల్‌గా వచ్చిన బిళ్ళలన్నీ మింగి చూశా.
ఎన్ని మింగినా
నాలిక వెళ్ళి ఆ గుంటలోనే కూర్చుంటుంది.
ఆ రాత్రీ అక్కడే కూర్చుంది.

ఇప్పుడు తొమ్మిదింటికి
కెజియ బ్రష్షు పట్టుకుని వస్తుంది.
మా మెట్టు మీద నిలబడి తోముతుంది.
బిల్లులు రాస్తూ నేను లెక్కపెడతాను.
నూటపాతిక దాకా రావాలి.
ఎనభై దగ్గర దొంగతనంగా ఆపి
నా వైపు చూస్తుంది. నేను ఎనభై ఒకటి అంటాను.
షుగరు మాత్రలకొచ్చిన పెద్దాయనొకాయన
తనూ లెక్క అందుకుంటాడు.

నిన్న ఒక నల్ల పన్ను ఊడింది.
కాగితంలో చుట్టి తెచ్చింది.
ఇంటి కప్పు మీదకి విసరాలట,
వాళ్ళ రేకుల మీద నిలవదట, జారిపోతుందట.
అందుకని మా బోర్డు మీదకి విసిరాను.
పేరు వెనకాల ఎక్కడో
టక్కుమని పడింది.

"కొత్తది వస్తోంది చూడు" అని
నోరు తెరిచి నిలబడింది.
చేతులు కడుక్కుని వేలు పెట్టి చూశాను.
చిగురులోంచి తెల్లగా ఒక అంచు,
చిన్న రంపంలా గరుగ్గరుగ్గా.
కొరుకుతానని బెదిరించింది.