సున్నా పాయింట్ మూడు

పొద్దున్న ఏడున్నర. డులూత్‌లో ఇంకా చీకటి విడలేదు.
సరస్సు మీంచి వచ్చే గాలికి
షోరూం ముందు జెండాలు చెంపలు వాయించుకుంటున్నాయి.
నా చొక్కా మీద బిళ్ళ: క్లేటన్, సర్వీసు.
కారు మూలిగితే విని
ఆ మూలుగు ఖరీదెంతో చెప్పడం నా పని.

ఇంకెరి మాట్టలా వచ్చింది.
డెబ్బై ఒకటో ఏడు, మోకాళ్ళ దాకా బూట్లు,
పదకొండేళ్ళ కారు, అడుగంతా రోడ్డుప్పు తినేసిన రేకు.
"ఆయిల్ మార్చండి" అంది. "అంతే."

అంతే అనే మాటకి మా కంప్యూటర్లో మీట లేదు.
మైళ్ళు కొట్టగానే మూటంతా విప్పింది:
ఎయిర్ ఫిల్టర్ ఎనభై తొమ్మిది,
ఇంజక్టర్ల క్లీనింగ్ నూట డెబ్బై,
బ్రేక్ ఆయిల్ నూట యాభై తొమ్మిది,
అడుగున 'షాపు సామగ్రి' అని ఓ చిల్లర పద్దు,
గుడ్డపీలికలకీ, పేరు పెట్టలేని వాటికీ.

కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుంది.
కోటు జేబులో కొలతల టేపు, ఎప్పటి అలవాటో,
వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చదివింది.
"ఈ ఫిల్టర్ ఎక్కడుంటుంది?"
గ్లవ్ బాక్సు వెనక.
"మార్చడానికి ఎంతసేపు?"
పుస్తకంలో సున్నా పాయింట్ మూడు గంట.
"పుస్తకం సంగతి కాదు, చేతి సంగతి."

గాజు తలుపు అవతల
ఓర్విల్ బూట్లు మాత్రం ఒక కారు కిందనుంచి కనబడుతున్నాయి.
నాలుగు నిమిషాలు, అన్నాను.
వేళ్ళు కొయ్యబారితే అయిదు.

అరుస్తుందనుకున్నాను.
"నలభై ఏళ్ళు ప్యాంట్ల అంచులు కుట్టాను" అంది.
"మిషను మీద మూడు నిమిషాలు. పద్నాలుగు డాలర్లు.
ఒకాయన గడియారం చూపించి, ఏమిటీ దోపిడీ అన్నాడు.
మూడు నిమిషాలకి కాదయ్యా,
మొదటి ఏడు నేను పాడుచేసిన ప్యాంట్లకి, అన్నాను."

అయితే మా రేటూ న్యాయమేగా, అన్నాను ఆశగా.
"నేను పాడుచేసినవి నా డబ్బుతో కొనిచ్చాను."

పెన్ను అడిగి తీసుకుంది.
ఫిల్టర్ కొట్టేసింది: గ్లవ్ బాక్సు నాదే, చేతులూ నావే.
ఇంజక్టర్లు కొట్టేసింది:
కారు దగ్గలేదు, దగ్గుమందు దేనికి?
బ్రేక్ ఆయిల్ దగ్గర పెన్ను ఆగింది.
ఆమె ఇల్లు కొండ మీద. రోజూ సరస్సు దాకా దిగాలి,
ఐసు పట్టిన వీధిలో.

ఇది మాత్రం నిజంగా కావాలి, అన్నాను.
"ఇంజక్టర్లూ నిజంగా కావాలన్నావుగా.
అబద్ధానికీ నిజానికీ
నువ్వు ఒకే గొంతు వాడుతుంటే
నేను దేన్ని పట్టుకుని కొలవను?"

పసుపు గీత దాటి కస్టమర్లు లోపలికి రాకూడదు.
రమ్మన్నాను.
ఓర్విల్ లేచి, చెయ్యి తుడుచుకుని,
కాగితపు పట్టీ ఒకటి బ్రేక్ ఆయిల్లో ముంచి తీశాడు.
కాసేపటికి అది నేరేడు రంగుకి తిరిగింది.
దారం రంగు గుడ్డకి కలుస్తుందో లేదో చూసినట్టు
దీపం కిందికి పట్టి, తిప్పి తిప్పి చూసింది.
"చెయ్యండి."
అని, ఓర్విల్ వైపు తిరిగి,
"ఆ నూట యాభై తొమ్మిదిలో నీకెంత?"
ఓర్విల్ మళ్ళీ కారు కిందికి వెళ్ళిపోయాడు.

కౌంటర్ దగ్గరికి వచ్చాక అడిగింది, మెల్లగా:
"నీ కారు ఎక్కడ చేయిస్తావు, క్లేటన్?"

టైర్ల గోడౌను వెనక యుసేబియో షెడ్డు.
పైన రేకు, పక్కన కుక్క, రసీదు ఉండదు.
బ్రేక్ ఆయిల్ తొంభై.
అద్దాల గదిలోంచి మేనేజర్ చూస్తున్నాడు.
ఉచిత కాఫీ మిషను, ఎవరు కట్టిన డబ్బుతో తిరుగుతోందో,
గరగరమంది. నేను ఏమీ అనలేదు.

ఆమె టేపు చుట్టి జేబులో వేసుకుంది.
నూట యాభై తొమ్మిది కొట్టేసి
పక్కన నూట ఇరవై రాసింది.
"మిగతా ముప్పై తొమ్మిదీ
ఇప్పుడు నువ్వు ఊరుకున్నందుకు."

తగ్గింపుకి కారణం రాయకపోతే కంప్యూటర్ ముందుకి కదలదు.
'పాత కస్టమర్' అని కొట్టాను.
ఆమె మా షాపుకి రావడం అదే మొదలు.